ప్రయోగశాల సీసా నుంచి పరీక్ష కిట్ దాకా: వైద్య పరిశోధన లైసెన్సింగ్‌లో విశాఖ లెక్కలు

‘లైసెన్సుకు సిద్ధం’, అంటే డబ్బు కట్టి వాడుకునే హక్కు తీసుకోవచ్చు అంటూ విశ్వవిద్యాలయాలు పెట్టే జాబితాల్లో రెండు వేర్వేరు జాతుల సరుకు ఒకే వరసలో కనిపిస్తుంది. ఒకటి పరిశోధన సాధనం: ఒక యాంటీబాడీ (ఎంచుకున్న లక్ష్యాన్ని పట్టుకునే ప్రొటీన్), దాన్ని తయారుచేసే హైబ్రిడోమా కణాలు, ఒక ప్లాస్మిడ్ (జన్యువును మోసే చిన్న డీఎన్ఏ వలయం), జన్యువు మార్చిన ఎలుక, రోగి కణితి నుంచి పెంచిన సెల్ లైన్, ఒక సాఫ్ట్‌వేర్. రెండోది ఆవిష్కరణ: కొత్త మందు అణువు, కొత్త పరీక్ష కిట్, కొత్త కాథెటర్. మొదటిది ఇవాళే పనికొస్తుంది, కానీ ఇంకొకరి ప్రయోగంలో మాత్రమే. రెండోది జనానికి పనికొచ్చేదే, కానీ అందుకు ఇంకా ఏళ్లు పడుతుంది, డబ్బు పోయాలి. రెంటికీ ధర కట్టే పద్ధతి వేరు, కాపలా వేరు, చెడిపోయే తీరు కూడా వేరు. రెంటినీ ఒకే నమూనా ఒప్పందంతో అమ్మబోవడం వల్లే చాలా బేరాలు మొదటి ఉత్తరం దగ్గరే ఆగిపోతాయి.

కాపలా కాసేది ఏది

సాధనాల విషయంలో పేటెంటు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. 1970 నాటి భారత పేటెంటు చట్టం సెక్షన్ 47 ప్రకారం పేటెంటు ఉన్న వస్తువునైనా పద్ధతినైనా ప్రయోగానికీ, పరిశోధనకీ, విద్యార్థులకు నేర్పడానికీ ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలో అంత వెసులుబాటు లేదు. 2002లో డ్యూక్ విశ్వవిద్యాలయం మీద నడిచిన కేసులో, విశ్వవిద్యాలయంలో జరిగే పరిశోధన కూడా దాని వ్యవహారంలో భాగమే కాబట్టి పరిశోధన పేరుతో తప్పించుకోలేరని అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. మన దేశంలో సాధనం మీద తీసుకున్న పేటెంటు పరిశోధకుణ్ణి ఆపలేదు. ఆపగలిగేది సీసా ఒక్కటే. గడ్డకట్టిన కణాలు ఎవరి ట్యాంకులో ఉన్నాయో వాళ్లు సంతకం పెట్టందే అవి కదలవు. అందుకే యాంటీబాడీలు, ప్లాస్మిడ్లు, సెల్ లైన్ల లాంటి వాటికి పేటెంటు కంటే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం, అంటే సరుకును ఎవరు ఏ పనికి వాడొచ్చో రాసుకునే కాగితం, వాడుకలో ఎంటీఏ అనేది, ఎక్కువ పని చేస్తుంది.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా పద్ధతిని ప్రకటించారు. దానిమీద పేటెంటు తీసుకోలేదు, అయినా ఒక పరిశ్రమే పుట్టింది. జన్యువుల్ని అతికించే కోహెన్-బోయర్ పద్ధతికి స్టాన్‌ఫర్డ్ 1974లో దరఖాస్తు చేసి 1980లో పేటెంటు తెచ్చుకుంది. ఎవరో ఒక్కరికి కట్టబెట్టకుండా, అడిగిన ప్రతి కంపెనీకీ తక్కువ రుసుముతో ఇచ్చింది. 1997లో గడువు ముగిసేసరికి 468 లైసెన్సుల మీద దాదాపు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. రాయల్టీ, అంటే అమ్మకాల్లో హక్కుదారుకు ఇచ్చే వాటా, నిర్ణయంలో చూపిన తెలివి గమనించదగ్గది: ఎంజైముల లాంటి మూల సరుకు మీద 10 శాతం దాకా, జనానికి చేరే తుది మందుల మీద ఒక శాతం, అంతకన్నా తక్కువ. దీనికి పూర్తి విరుద్ధమైన దారి, క్యాన్సర్ వచ్చేలా జన్యువు మార్చిన హార్వర్డ్ ఎలుక ఆంకోమౌస్‌ది. 1988లో పేటెంటు వచ్చిన ఆ ఎలుక హక్కులు డ్యూపాంట్ చేతికి వెళ్లాయి. ఆ ఎలుకను వాడి ఎవరేం కనిపెట్టినా అందులో తమకూ వాటా ఉండాలని కంపెనీ పట్టుబట్టింది. విశ్వవిద్యాలయాలు ఎదురు తిరిగాయి. చివరికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కల్పించుకుని లాభాపేక్ష లేని పరిశోధనకు దారి తెరిపించాల్సి వచ్చింది. 1999 డిసెంబరులో ఆ సంస్థలు విడుదల చేసిన మార్గదర్శకాలు, ప్రజాధనంతో తయారైన సాధనాలను వీలైనంత విరివిగా పంచాలనీ, రేపటి ఆవిష్కరణల మీద హక్కు అడగొద్దనీ చెబుతాయి.

కొనేవాడి ఉత్పత్తిలోకి నేరుగా వెళ్లని సాధనాన్ని ఒక్కరికే రాసివ్వడం దాదాపు ఎప్పుడూ తప్పే. ఆ ఒక్కరూ వాడకపోతే అది అక్కడే చచ్చిపోతుంది. వాడినా, మిగతా వంద ప్రయోగశాలలకు అందదు.

విశాఖ గొలుసు

ఈ విషయంలో విశాఖపట్నానికి ఉన్న అనుకూలత చాలా నగరాలకు లేదు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి కేజీహెచ్ ఒక వైపు. 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, దాని ఫార్మసీ, బయోటెక్నాలజీ విభాగాలు ఇంకో వైపు. గాజువాక దాటి పెదగంట్యాడ వైపు వెళితే 270 ఎకరాల్లో వైద్య పరికరాల తయారీకే కట్టిన మెడ్‌టెక్ జోన్. పరవాడలో ఫార్మా సిటీ. రోగి, శాస్త్రవేత్త, తయారీదారు గంట ప్రయాణంలో ఉన్నారు. జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థ ఎన్‌ఆర్‌డీసీకి కూడా ఈ ఊళ్లో కేంద్రం ఉంది. దారి ఉంది, గొలుసు తెగేది కాగితం దగ్గర.

ఉదాహరణ ఒకటి పెట్టుకుంటే గాని ఇది అర్థం కాదు. పాడేరు, అరకు ఏజెన్సీలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధి పాత సమస్య. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం వల్ల తక్కువ ధరకు దొరికే పరీక్షకు ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. ఏయూలో ఒక ప్రయోగశాల సికిల్ హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టే మోనోక్లోనల్ (ఒకే కణం సంతతి నుంచి వచ్చే) యాంటీబాడీ తయారుచేసిందనీ, కేజీహెచ్ వైద్యులు దాన్ని రోగుల రక్తం మీద పరీక్షించారనీ, మెడ్‌టెక్ జోన్‌లో ఒక చిన్న కంపెనీ స్ట్రిప్ కిట్ చేస్తానందనీ ఊహిద్దాం. సాధారణ హిమోగ్లోబిన్‌కీ సికిల్ హిమోగ్లోబిన్‌కీ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లమే తేడా, గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్. ఆ ఒక్క తేడాను పట్టే యాంటీబాడీ అంటే విలువైన సరుకే. ఇప్పుడు దీన్ని అమ్మాలి. ఏం అమ్ముతున్నట్టు?

సీసాలో ఏముండాలి

లైసెన్సుకు సిద్ధం చేయాల్సింది ఒక సీసా కాదు, కనీసం పది సీసాల సీడ్ బ్యాంకు, అంటే గడ్డకట్టించి దాచిన మూల కణాల నిల్వ. ఒక్కో క్రయో సీసాలో 20 నుంచి 50 లక్షల కణాలు, 90 శాతం సీరం, గడ్డకట్టేటప్పుడు కణాల్ని కాపాడే డీఎంఎస్‌ఓ ద్రవం 10 శాతం. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి మైనస్ 80కి తెచ్చి, మర్నాటికల్లా ద్రవ నైట్రోజన్‌లోకి మార్చాలి. మన ప్రయోగశాలల్లో జరిగే తప్పు ఈ రెండో అడుగు దగ్గరే. ట్యాంకులో చోటు లేక, నైట్రోజన్ లారీ రాక, సీసాలు మైనస్ 80 ఫ్రీజర్లోనే నెలలు గడుపుతాయి. కరెంటు పోయినప్పుడల్లా ఉష్ణోగ్రత పైకి వెళ్లి వస్తుంది. తీరా కంపెనీ కరిగించి చూస్తే బతికిన కణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బతికినంత మాత్రాన యాంటీబాడీ ఇస్తాయన్న హామీ లేదు. హైబ్రిడోమా రెండు కణాలు కలిసి పుట్టిన అస్థిరమైన కణం. పెరిగేకొద్దీ క్రోమోజోములు జార్చుకుంటుంది. యాంటీబాడీ జన్యువులు జార్చుకున్న కణానికి బరువు తగ్గినట్టే, అది మిగతావాటి కంటే వేగంగా పెరిగి ఫ్లాస్కును ఆక్రమిస్తుంది. అందుకే ఇచ్చే ముందు మళ్లీ సబ్‌క్లోన్ చేయాలి: 96 గుంటల ప్లేటులో గుంటకు సగటున 0.3 నుంచి 0.5 కణం పడేలా పలచన చేసి, ఒకే కణం నుంచి పెరిగిన కాలనీలను ఎన్నుకుని, మళ్లీ పరీక్షించాలి. ఇంకో శత్రువు మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా. ఇది కణాలు పెరిగే ద్రవాన్ని (మీడియాను) మబ్బు చేయదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు, 0.22 మైక్రాన్ల ఫిల్టరు సందుల్లోంచి కూడా దూరిపోగలదు. పీసీఆర్ పరీక్ష చేసిన నివేదిక, తేదీతో సహా, సీసాతో పాటు వెళ్లాలి. అది లేకపోతే తెలివైన కంపెనీ ఆ సీసాను తన కల్చర్ గదిలోకి రానివ్వదు. మనిషి సెల్ లైన్ అయితే ఎస్‌టీఆర్ ప్రొఫైల్, అంటే కణాల డీఎన్ఏ వేలిముద్ర, కూడా జత చేయాలి. పేరు ఒకటి, లోపల పెరుగుతున్నది హీలా అనే పాత క్యాన్సర్ సెల్ లైన్ కణాలు అయిన ఉదంతాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

అసలు బీమా మరొకటి: యాంటీబాడీ భారీ, తేలిక గొలుసుల్లో లక్ష్యాన్ని పట్టే వేరియబుల్ భాగాల జన్యు క్రమం చదివించి పెట్టుకోవడం. కణాలు మొత్తం చచ్చినా ఆ క్రమం నుంచి యాంటీబాడీని మళ్లీ పుట్టించవచ్చు. పేటెంటు క్లెయిములకూ, అంటే ఏది తమదో చెప్పే వాక్యాలకూ, ఇదే ఆధారం. ఇవాళ క్రమం చదివించకుండా యాంటీబాడీని లైసెన్సుకు పెట్టడం అజాగ్రత్తే.

రవాణా గురించి ఒక మాట. థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) రోజుకు రెండు నుంచి ఐదు కిలోలు ఆవిరైపోతుంది. విశాఖ నుంచి పంపేవి చాలాసార్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఆగి వెళతాయి. శుక్రవారం బయల్దేరిన పార్సిల్ సోమవారం దాకా గోదాములో ఎండుతుంది. కాబట్టి సోమవారమో మంగళవారమో పంపడం, అంచనా వేసిన రోజులకు ఇంకో రెండు రోజులు కలిపి ఐస్ వేయడం, పెట్టె మూత గాలి చొరకుండా బిగించకపోవడం తప్పనిసరి. బిగిస్తే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి పెట్టె పగులుతుంది.

మిల్లీగ్రాముల లెక్క

ధర దగ్గర విశ్వవిద్యాలయాలు మోసపోయేది ఇక్కడే. ‘యాంటీబాడీ మిల్లీగ్రాముకు ఇంత’ అని అమ్మితే బాగానే ఉందనిపిస్తుంది. స్ట్రిప్ తయారీ చూద్దాం. స్ట్రిప్‌లో కాగితం లాంటి నైట్రోసెల్యులోజ్ పొర మీద గీత వేయడానికి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము గాఢత ఉన్న ద్రావణాన్ని సెంటీమీటరుకు ఒక మైక్రోలీటరు చొప్పున పోస్తారు. స్ట్రిప్ వెడల్పు 4 మిల్లీమీటర్లు. అంటే గీత మీద పడేది 0.4 మైక్రోగ్రాము. బంగారు రేణువులకు అంటించిన యాంటీబాడీ కూడా కలుపుకుంటే స్ట్రిప్‌కు ఒక మైక్రోగ్రాము దాటదు. లక్ష స్ట్రిప్‌లకు 100 మిల్లీగ్రాములు. మామూలు ఫ్లాస్కు కల్చర్‌లో హైబ్రిడోమా మిల్లీలీటరుకు 10 నుంచి 50 మైక్రోగ్రాములు ఇస్తుంది. శుద్ధిలో నాలుగో వంతు పోయినా, మూడు నుంచి పదమూడు లీటర్ల కల్చర్ చాలు. లక్ష మంది పరీక్షకు కావలసిన యాంటీబాడీ ఒక చిన్న గది కల్చర్‌లో పుడుతుందన్నమాట. క్లోన్, అంటే ఒకే కణం నుంచి పెంచిన ఆ హైబ్రిడోమా, ఒకసారి చేతికి వచ్చాక మిల్లీగ్రాములు ఎవరూ కొనరు.

కాబట్టి విలువ కట్టాల్సింది యాంటీబాడీకి కాదు, కిట్‌కి. కిట్ ఫ్యాక్టరీ ధర ₹60 అనుకుందాం, రాయల్టీ 4 శాతం అనుకుందాం. కిట్‌కు ₹2.40, లక్ష కిట్లకు ₹2.40 లక్షలు. పెద్ద మొత్తమేమీ కాదు. ఈ అంకె చూశాక విశ్వవిద్యాలయం ముందస్తు రుసుమును కోట్లలో అడగడం మానుతుంది. కంపెనీ కూడా ‘ఇది జాతికి సేవ కదా, ఉచితంగా ఇవ్వండి’ అనడం మానుతుంది. సాధనం ధర మాత్రం వేరుగా ఉండాలి: విద్యాసంస్థలకు రవాణా ఖర్చుతో ఎంటీఏ మీద, కంపెనీలు తమ లోపలి పరిశోధనకు వాడుకుంటే ఏడాదికింత అని, రియేజెంటుగా (ప్రయోగాల్లో వాడే సరుకుగా) సీసాల్లో అమ్మే వ్యాపారికి అమ్మకాల మీద రాయల్టీగా. ఒకే క్లోన్‌కు ఈ మూడూ, కిట్ లైసెన్సూ కలిపి నాలుగు దారులు ఉంటాయి. ఒకదానిలో ఇచ్చిన హక్కు ఇంకోదాన్ని మూసేయకుండా వాడుక రంగాన్ని స్పష్టంగా రాసుకోవాలి.

కంపెనీకి నిజంగా కావలసింది మరొకటుంది. అది పేటెంటులో ఉండదు. ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు 120 నుంచి 150 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుంది, స్ట్రిప్ మీద ఉన్న యాంటీబాడీ ఒక మైక్రోగ్రామే. రక్తాన్ని వెయ్యి రెట్లు పలచన చేసి 100 మైక్రోలీటర్లు వేసినా 12 మైక్రోగ్రాముల పైనే హిమోగ్లోబిన్ పడుతుంది. రెండు యాంటీబాడీల మధ్య బంధించే పద్ధతిలో అయితే సరుకు ఎక్కువై గీతే మాయమవుతుంది, వ్యాధి ఉన్న రోగికి లేదని చూపిస్తుంది. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. అందుకే ఇలాంటి పరీక్షలకు పోటీ పద్ధతి మేలు. అందులో రక్తంలోని హిమోగ్లోబిన్, కిట్‌లో ముందే పెట్టిన హిమోగ్లోబిన్ ఒకే యాంటీబాడీ కోసం పోటీ పడతాయి, కాబట్టి గీత కనబడకపోవడమే పాజిటివ్. ఎంత పలచన, ఏ బఫరు, ఏ డిటర్జెంటు, ఎన్ని నిమిషాలకు చదవాలి, పుట్టిన బిడ్డ రక్తంలో ఎక్కువ భాగం పిండ హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి అక్కడ ఫలితం ఎంతవరకు నమ్మాలి: ఇవన్నీ ప్రయోగశాల నోటుపుస్తకంలో, తరచుగా ఒక పరిశోధక విద్యార్థి చేతి అలవాటులో ఉంటాయి. ఆ విద్యార్థి వెళ్లిపోతే లైసెన్సు ఖాళీ కాగితం. ఒప్పందంలో ‘ఇన్ని రోజుల శిక్షణ, ఇన్ని వరస బ్యాచులు కంపెనీ చేతుల మీదుగా సరిగ్గా రావాలి’ అని రాయించడం వల్ల ఇద్దరికీ మేలు.

పేటెంటు గడియారం

వ్యాధి నిర్ధారణ పద్ధతికి మన దేశంలో పేటెంటు రాదు. సెక్షన్ 3లోని ‘ఐ’ దాన్ని మినహాయిస్తుంది. వ్యాధిని నేరుగా తేల్చని స్క్రీనింగు పద్ధతులు ఆ నిషేధం కిందికి రావని మద్రాసు హైకోర్టు 2023 అక్టోబరులో, గర్భస్థ శిశు డీఎన్ఏ పరీక్షకు సంబంధించిన కేసులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికే వెళతాయి కాబట్టి ఆ తీర్పు విశాఖకు దగ్గరి చుట్టం. అయినా భద్రమైన దారి వేరే ఉంది: పద్ధతిని కాకుండా యాంటీబాడీని దాని క్రమంతో, కిట్‌ను దాని భాగాలతో క్లెయిము చేయడం. సాఫ్ట్‌వేరుకు 3లోని ‘కె’, తెలిసిన పదార్థాల మిశ్రమానికి ‘ఇ’, సంప్రదాయ జ్ఞానానికి ‘పి’ అడ్డు వస్తాయి. సముద్రపు బురద నుంచి తీసిన ఆక్టినోమైసీట్ లాంటి సూక్ష్మజీవి మీద పని అయితే, దరఖాస్తు తేదీ నాటికే దాన్ని పేటెంటు కోసం సూక్ష్మజీవుల్ని భద్రపరిచే బుడాపెస్ట్ ఒడంబడిక కింద గుర్తింపు ఉన్న నిల్వ కేంద్రాల్లో, చండీగఢ్ ఎంటీసీసీలోనో పుణె కేంద్రంలోనో, జమ చేయాలి. జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ దగ్గర పని కూడా పూర్తి చేసుకోవాలి. పేటెంటు చేతికొచ్చే దశలో ఈ కాగితం లేదని తేలితే అప్పుడు పరుగులు పెట్టాలి.

కొత్తదనాన్ని ఎక్కువగా చంపేది పోటీదారు కాదు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. యూజీసీ నిబంధన ప్రకారం గ్రంథం శోధ్‌గంగ అనే, ఎవరైనా చదవగల ఆన్‌లైన్ భాండాగారంలోకి వెళుతుంది. అది బయటపడిన మర్నాడు చేసిన దరఖాస్తుకు ఆ గ్రంథమే అడ్డు. సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల మినహాయింపు చాలా ఇరుకైనది: ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన, విద్వత్ సభలో చదివిన పత్రం, ఆ సభ ప్రచురించిన సంచిక లాంటివే అందులో ఉన్నాయి. మామూలు జర్నల్, సదస్సు పోస్టరు, నలుగురి ఎదుట జరిగే బహిరంగ వైవా దానిలో ఇమడతాయనుకుంటే ప్రమాదం. గ్రంథం సమర్పించే ముందే తాత్కాలిక దరఖాస్తు పెట్టాలి. దాని ఖర్చు విద్యాసంస్థకు ఆన్‌లైన్‌లో ₹1,600 మాత్రమే. 30 పేజీలు, 10 క్లెయిములు దాటితే అదనంగా పేజీకి ₹160, క్లెయిముకు ₹320. అసలు ఖర్చు ఏజెంటుకు ఇచ్చే డ్రాఫ్టింగ్ రుసుము.

ఆ రోజు నుంచి గడియారం తిరుగుతుంది. 12 నెలల్లో పూర్తి దరఖాస్తు, విదేశాల్లో కావాలంటే పీసీటీ, అంటే చాలా దేశాలకు కలిపి వేసే అంతర్జాతీయ దరఖాస్తు. 18 నెలలకు ప్రచురణ. 2024 మార్చి తర్వాత వేసిన దరఖాస్తులకు పరీక్ష కోరే గడువు 31 నెలలు, రుసుము ₹4,000. 30, 31 నెలల దగ్గర పీసీటీ దేశాల వారీగా విడిపోతుంది, అక్కడి నుంచి ఒక్కో దేశానికి లక్షల్లో ఖర్చు. అందువల్ల లైసెన్సు వెతకడానికి నిజమైన సమయం ఆ మొదటి రెండున్నరేళ్లు. పేటెంటు మంజూరయ్యాక జాబితాలో పెట్టే ఆవిష్కరణకు విదేశీ హక్కులు అప్పటికే పోయి ఉంటాయి. భారతీయ హక్కును నిలబెట్టుకోవడం మాత్రం చవక: మూడో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా వార్షిక రుసుములన్నీ కలిపినా ₹76,800. ఈ డబ్బు లేక కాదు, గుర్తుచేసే మనిషి లేక పేటెంట్లు రాలిపోతుంటాయి. విదేశంలో ముందు దరఖాస్తు చేయాలంటే సెక్షన్ 39 కింద అనుమతి కావాలి, లేదా భారతదేశంలో వేశాక ఆరు వారాలు ఆగాలి. విదేశీ సహకారితో కలిసి పని చేసే ఆచార్యులు ఇది మరిచిపోతే దరఖాస్తే పోతుంది, శిక్ష కూడా పడొచ్చు.

ఎవరి సంతకం

మన ఉదాహరణలో హక్కుదారులు ముగ్గురు: ఏయూ ఆచార్యుడు, విద్యార్థి, కేజీహెచ్ వైద్యుడు. జీతం ఇచ్చినంత మాత్రాన ఆవిష్కరణ తనంత తానుగా సంస్థది అయిపోదు, రాతపూర్వక బదిలీ ఉండాలి. విద్యార్థి ఉద్యోగి కూడా కాదు. చదువు అయిపోయి వేరే దేశం వెళ్లాక ఆ సంతకం కోసం వెతకడం కంటే, చేరిన రోజే రాయించుకోవడం సులువు. ఆంధ్ర వైద్య కళాశాల ప్రభుత్వ సంస్థ కాబట్టి దాని తరఫున లైసెన్సు మీద సంతకం చేసే అధికారం ఏ పదవికి ఉందో ముందే ఉత్తర్వు రూపంలో తేల్చుకోవాలి. సెక్షన్ 50 ప్రకారం సహ యజమానులు ఎవరికి వారు పేటెంటును వాడుకోవచ్చు గానీ, మిగతావాళ్లు ఒప్పుకోకుండా మూడో వ్యక్తికి లైసెన్సు ఇవ్వడానికి లేదు. అంటే ఒక్క ఫైలు ఒక్క బల్ల మీద ఆగితే లైసెన్సు మొత్తం ఆగినట్టే. రెండు సంస్థల మధ్య ఒక చిన్న ఒప్పందం, ‘లైసెన్సు వ్యవహారమంతా ఒకరే చూస్తారు, ఆదాయం ఇంత చొప్పున పంచుకుంటాం’ అని పని మొదట్లోనే రాసుకుంటే ఈ పీడ ఉండదు.

రక్తం నమూనాల సంగతి ఇంకా సున్నితం. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నైతిక మార్గదర్శకాలు, వ్యాపార వినియోగం జరిగే అవకాశం ఉంటే ఆ మాట సమ్మతి పత్రంలోనే చెప్పాలంటాయి. ‘పరిశోధన కోసం’ అని మాత్రమే రాసి సేకరించిన వందల నమూనాల ఫలితాలు వ్యాసానికి సరిపోతాయి. వాటినే కంపెనీకి అప్పగించబోయినప్పుడు నైతిక కమిటీ అడ్డు చెబితే అందులో తప్పేమీ లేదు. పత్రంలో తెలుగులో ఒక్క పేరా ముందే చేరిస్తే సరిపోయేది. ఏజెన్సీ రోగులకైతే కువి, ఆదివాసి ఒడియా లాంటి వాళ్ల మాటల్లో నోటితో వివరించి నమోదు చేయాలి.

మూడో వల కంటికి కనిపించదు. ప్రయోగశాలలోని ప్లాస్మిడ్, వాటిని పంచే ఆడ్‌జీన్ సంస్థ నుంచి వచ్చి ఉంటే అది పరిశోధనకే అన్న షరతుతో వచ్చింది. యాంటీబాడీని పుట్టించిన సెల్ లైన్ వాణిజ్య సంస్థది అయితే ఉత్పత్తికి వేరే లైసెన్సు కావాలి. ఎవరి సీసా లోపల ఎవరి జన్యువు ఉందో పట్టిక వేయకుండా లైసెన్సు ఇస్తే, అమ్మినవాడికి తనది కానిది అమ్మిన చిక్కు వస్తుంది.

డబ్బు ఇచ్చినవాళ్లనూ మరచిపోకూడదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖ 2000 మార్చిలో ఇచ్చిన సూచనల ప్రకారం దాని నిధులతో వచ్చిన ఆవిష్కరణను సంస్థ తన పేరున ఉంచుకోవచ్చు. ఆదాయంలో ఆవిష్కర్తల వాటా మూడో వంతు దాటకూడదు, కనీసం 25 శాతం పేటెంట్ల నిధికి పోవాలి, ప్రభుత్వ అవసరాలకు రాయల్టీ లేని హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. సికిల్ సెల్ కిట్‌కు అతిపెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే కదా. ఈ చివరి షరతు గురించి కంపెనీకి ముందే చెప్పకపోతే, మొదటి టెండరు రోజే రాయల్టీ తగవు మొదలవుతుంది.

ఒప్పందంలో మాటలు తిరగబడే చోట్లు

‘నికర అమ్మకం’ అన్న పదం దగ్గరే ఎక్కువ గొడవలు. జీఎస్టీ, నిజంగా ఇచ్చిన తగ్గింపు, తిరిగొచ్చిన సరుకు తీసేయవచ్చు. ప్రచార ఖర్చు, ఏజెంట్ల కమీషను తీసేయనివ్వకూడదు. స్ట్రిప్‌ను రీడరు యంత్రంతో కలిపి ఒకే ధరకు అమ్మితే ఎంత భాగం మీద రాయల్టీ అన్నది ముందే రాయాలి. ముందస్తు రుసుము మీదా, రాయల్టీ మీదా 18 శాతం జీఎస్టీ ఉంది, అది ధరలో కలిసి ఉందా పైనా అన్నది రాయకపోతే విశ్వవిద్యాలయం జేబులోంచి పోతుంది.

ఒక్కరికే హక్కు ఇచ్చేటప్పుడు గడువులు పెట్టాలి: ఇన్ని నెలల్లో టెస్ట్ లైసెన్సు, ఇన్ని నెలల్లో పెర్ఫార్మెన్స్ ఇవాల్యుయేషన్ (కిట్ పనితీరు మూల్యాంకనం), ఫలానా ఏడు నుంచి కనీస రాయల్టీ. దాటితే ఆ హక్కు అందరికీ ఇవ్వదగిన హక్కుగా మారిపోవాలి. పూర్తిగా రద్దు చేస్తామంటే కంపెనీ భయపడి పెట్టుబడి పెట్టదు. మార్పు అంటే ఒప్పుకుంటుంది. కంపెనీ చేసిన మెరుగుదలలన్నీ విశ్వవిద్యాలయానికే చెందాలని రాస్తుంటారు కొందరు. ఏకపక్షంగా తిరిగి రాయించుకునే అలాంటి షరతు సెక్షన్ 140 కింద చెల్లదు. పేటెంటును సవాలు చేయకూడదన్న షరతూ అంతే.

పెదగంట్యాడలో తేమ

మెడ్‌టెక్ జోన్‌లో విద్యుదయస్కాంత పరీక్షలు, బయోమెటీరియల్ పరీక్షలు, గామా కిరణాల స్టెరిలైజేషన్, 3డీ ప్రింటింగ్ ఒకే ఆవరణలో దొరుకుతాయి. పరికరానికి ఇది వరం. స్ట్రిప్ కిట్‌కు మాత్రం అసలు శత్రువు సముద్రపు గాలి. ఏడాదిలో చాలా నెలలు విశాఖ గాలిలో తేమ 70 శాతం పైనే. యాంటీబాడీ గీత గీసి ఆరబెట్టిన మెంబ్రేన్‌ను కోసి పౌచ్‌లో వేసేదాకా 20 శాతం లోపు తేమలో ఉంచడం మంచి పద్ధతి. ప్రయోగశాలలో ఏసీ గదిలో చేసిన 50 స్ట్రిప్‌లు బాగా రావడం, షెడ్డులో చేసిన ఐదు వేలలో గీతలు పాకిపోవడం ఈ తేడా వల్లే. అల్యూమినియం పౌచ్, తేమ పీల్చే డెసికాంట్ సరిపడా, 40 నుంచి 45 డిగ్రీల దగ్గర వేగవంతమైన స్థిరత్వ పరీక్ష, దాంతోపాటు మామూలు గది ఉష్ణోగ్రతలో నిజమైన కాలం గడిచేదాకా పరీక్ష, రెండూ కావాలి. అరకు పల్లెలో ఫ్రిజ్ లేని ఉప కేంద్రంలో నిలవాల్సిన కిట్ ఇది.

చట్టం వైపు 2017 నాటి వైద్య పరికరాల నియమాలు, 2018 జనవరి నుంచి అమలు. పరికరం వల్ల వచ్చే ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డీ దాకా తరగతులు. తక్కువ ప్రమాదం ఉన్న ఏ, బీ తరగతుల తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారి ఇస్తారు, సీ, డీ తరగతులకు కేంద్ర ఔషధ ప్రమాణ నియంత్రణ సంస్థ. పరీక్షల కోసం చిన్న మొత్తంలో తయారుచేయడానికి కూడా ఎండీ-13 అనే టెస్ట్ లైసెన్సు ఉండాలి. విశ్వవిద్యాలయం తన ప్రయోగశాలలో చేసిన స్ట్రిప్‌ల మీద వచ్చిన ఫలితాలు దరఖాస్తుకు సహాయ సమాచారమే గానీ, నాణ్యతా వ్యవస్థ కింద తయారైన బ్యాచుల ఫలితాలకు బదులు కావు. కాబట్టి కేజీహెచ్‌లో చేసే చివరి మూల్యాంకనాన్ని కంపెనీ బ్యాచులు వచ్చాకే పెట్టుకుంటే అదే రక్తం, అదే సమ్మతి రెండుసార్లు అడగనక్కర్లేదు. పోల్చి చూడాల్సింది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్ర పరీక్షతో. రోగులు, వాహకులు (వ్యాధి లేకున్నా సికిల్ జన్యువు ఒకటి ఉన్నవారు), ఇద్దరూ కాని వారు మూడు వర్గాల్లోనూ సరిపడా మంది ఉండాలి. వాహకుల్ని సాధారణ వ్యక్తులుగా చూపించే కిట్ పెళ్లి సంబంధాల సలహాకు పనికిరాదు.

‘పరిశోధనకు మాత్రమే’ అన్న లేబులుతో అమ్మే యాంటీబాడీని ఆసుపత్రి ప్రయోగశాలలు నిర్ధారణకు వాడేస్తుంటాయి. రియేజెంటు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఆ వాడకం గురించి బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాయకపోతే, తప్పు ఫలితం వచ్చిన రోజు విశ్వవిద్యాలయం పేరు కూడా నోటీసులో ఉంటుంది.

చిన్న కంపెనీలు మూతపడుతుంటాయి. దివాలా తీసిన కంపెనీ ఫ్రీజరులో సీడ్ బ్యాంకు ఉండిపోతే దాన్ని బయటికి తీయడానికి కోర్టు చుట్టూ తిరగాలి. అందుకే ఒప్పందం మీద సంతకాలకు ముందే పది సీసాల్లో మూడు ప్రయోగశాల ట్యాంకులో, మూడు ఇంకో ఆవరణలోని ట్యాంకులో, రెండు మూడో పక్షం డిపాజిటరీలో (కణాలు భద్రపరిచే సంస్థలో) పెట్టి, మిగిలిన రెండే కంపెనీకి ఇస్తారు. ఆ రెంటి నుంచి కంపెనీ తన వర్కింగ్ బ్యాంకు, అంటే ఉత్పత్తికి వాడే నిల్వ, పెంచుకుంటుంది.